పంటుమీద కరెంటు కారు

సంక్రాంతి సమీపించినదనగా కూకట్‌పల్లిలో సగము ఇండ్లకు తాళములు పడును. హౌసింగు బోర్డు కాలనీ వీధులలో పెట్టెలు, క్రొత్తబట్టల సంచులు కార్లలో సర్దుకొని గోదావరి జిల్లాలకును, కృష్ణాతీరమునకును బయలుదేరు కుటుంబములను చూచుట అచ్చట స్థిరపడిన మావంటివారికి ఏటేటి వేడుక. అట్టి దినములలో ఒకనాడు మా యెదురింటి యువకుడు వచ్చి ఒక ప్రశ్న వేసినాడు. ఆయన అత్తవారిది అంతర్వేదికి దాపున ఒక పల్లె.

“బాబాయిగారూ, మాది కరెంటు కారు గదండీ. నరసాపురం రేవులో పంటు మీద ఎక్కించుకుంటారంటారా?”

“ఎందుకెక్కించుకోరు నాయనా? నీకా అనుమానం ఎందుకొచ్చింది?”

“ఎక్కడో సముద్రంలో ఓడ మీద కార్లు తగలబడ్డాయని పేపర్లో చదివానండి. పైగా పండగ రద్దీ. మూడు గంటలు వరసలో నిలబడి, తీరా మన వంతు వచ్చాక వద్దంటే ఏం చెయ్యాలండీ?”

ఆనాడు నేను చెప్పిన సమాధానము తొందరపాటు సమాధానము. పిమ్మట ఆలోచింపగా ఆ ప్రశ్నలో రెండు వేర్వేరు భయములున్నవని తోచినది. ఒకటి అగ్నిభయము. రెండవది కాలయాపన. మొదటిదానికి చేయు కట్టుబాటు రెండవదానిని పెంచును. రెండవదానిని తగ్గింప తొందరపడినచో మొదటిది పెరుగును. రేవులో పడవల రాకపోకలను నిర్ణయించువారికి నేడు ప్రపంచమంతట ఎదురగుచున్న చిక్కు ఇదియే. దీనిని మన వసిష్ఠ గోదావరి రేవునే ఆధారముగా గొని వివరింప ప్రయత్నింతును.

ధవళేశ్వరమునకు దిగువను చీలిన గోదావరిపాయలలో వసిష్ఠ ఒకటి. అది అంతర్వేది యొద్ద సముద్రమున కలియును. ఆ కలియుటకు కొలది మైళ్ల ఎగువను ఒక ఒడ్డున నరసాపురమును చేరిన మాధవాయిపాలెము రేవు, ఎదుటి ఒడ్డున 2022లో ఏర్పడిన కోనసీమ జిల్లాలోని సఖినేటిపల్లి రేవు ఉన్నవి. ఈ రెండింటి నడుమ మనుష్యులను, మోటారు సైకిళ్లను, ఆటోలను, కార్లను దాటించు వెడల్పయిన యంత్రపు పడవయే పంటు. ఆంగ్లములోని ‘పంట్’ అను మాటయే మన నోట పంటు అయినదని నా ఊహ. కృష్ణానదిపై పలనాటి ప్రాంతమున ఇట్టి దానినే బల్లకట్టు అందురు. ఇబ్రహీంపట్నము వారైతే ‘ఫెర్రీ’ అను ఆంగ్లపదమును రేవున్న చోటికే పేరుగా చేసికొనిరి.

రేవులు ప్రభుత్వపు అధీనమున ఉండవలెననియు, వానిని గుత్తకిచ్చు పద్ధతి యెట్లుండవలెననియు మదరాసు ప్రభుత్వము 1890లోనే కాలువలు, రేవుల చట్టము చేసినది. ఏటేటా వేలముపాటలో రేవును పాడుకొనుట మన ప్రాంతములలో నాటి నుండి వచ్చిన వాడుక. పాటదారునకు ఆదాయము ఖేపునకు ఎక్కిన బండ్లను బట్టియే వచ్చును. ఖర్చు మాత్రము పడవ నిండినను, సగము ఖాళీగా పోయినను ఒక్కటియే. కావున పంటు నిండువరకు ఆగుట ఆయనకు లాభము. కాలేజీకి పోవు విద్యార్థికిని, పాలకాన్లు మోసికొని పోవు రైతునకును నియమితకాలమునకు పంటు కదలుట లాభము. రైలువలె గడియారమును బట్టి నడపవలెనా, జట్కావలె నిండగనే నడపవలెనా అను వివాదము రేవు పుట్టిననాటిది. పండుగనాడు ఈ వివాదము తానే సమసిపోవును. ఏలయన పంటు ఆగిన మరుక్షణమే నిండును. అప్పుడు క్రొత్త ప్రశ్న వచ్చును: గంటకు ఎన్ని ఖేపులు?

చాలమంది దీనికి పడవ వేగమే కారణమనుకొందురు. లెక్క వేసి చూచిన వేరు విధముగా తేలును. ఉదాహరణకు పంటు నది దాటుటకు 10 నిమిషములు పట్టుననుకొందము. ఒడ్డు చేరిన పిదప బండ్లు దిగుటకును, క్రొత్తవి ఎక్కుటకును కలిపి మరి 10 నిమిషములు. ఆ విధముగా రెండు ఒడ్లకును చూచిన ఒక చుట్టు తిరుగుటకు 40 నిమిషములు. ఒక్క పంటు ఉన్నచో 40 నిమిషములకు ఒక ఖేపు. రెండున్నచో 20 నిమిషములకు ఒకటి. మూడున్నచో 13 నిమిషముల చిల్లరకు ఒకటి. ఖేపునకు 8 కార్లు పట్టునని తలచిన, రెండు పంటులు గంటకు 24 కార్లను, మూడు పంటులు 36 కార్లను ఒక ఒడ్డు నుండి దాటింపగలవు. ఇవి లెక్కకై వేసికొన్న అంకెలే గాని రేవు పుస్తకములోనివి కావు.

ఇప్పుడు పండుగ ముందునాడు గంటకు 30 కార్లు వచ్చుచున్నవనుకొందము. రెండు పంటులే ఉన్నచో గంటకు 6 కార్లు మిగిలిపోవును. ఉదయము 6 గంటలకు ఖాళీగా మొదలైన వరుస 10 గంటలకు 24 కార్ల పొడవగును. అప్పుడు వచ్చినవానికి ఒక గంట నిరీక్షణ తప్పదు. మూడవ పంటు వేసినచో వరుసయే ఉండదు. మరి నాలుగవది వేసిన? 10 నిమిషములకు ఒక ఖేపు పోవును. ఐదవది వేసిన? ఒక్క కారు గూడ అదనముగా దాటదు! ప్రతి పంటును రేవులో 10 నిమిషములు ఆగుచున్నది గదా. దిగుబల్ల ఒక్కటియే ఉన్నపుడు గంటకు ఆరింటికంటె ఎక్కువ అచ్చట ఆగలేవు. ఐదవ పంటు నదిమధ్యమున తన వంతుకై తేలుచుండవలసినదే. పడవలను కొనుటకు ముందు రెండవ దిగుబల్ల కట్టవలెనని దీని అర్థము. హైదరాబాదు నుండి బెజవాడ పోవువారు చౌటుప్పలు దాపున పంతంగి టోలుగేటులో పండుగ దినములందు ఏటేటా చూచునది ఇట్టిదే. రోడ్డు వెడల్పు ఎంత ఉన్నను గేటు దాటువేగమే ప్రయాణవేగము.

వరుసలో నిలిచినవారికి పనికివచ్చు సూత్రమొకటి కలదు. 1961లో జాన్ లిటిల్ అను అమెరికా గణితవేత్త దీనికి శాస్త్రీయమైన నిరూపణ చేసెను. వరుసలోని వారి సంఖ్యను, గంటకు దాటిపోవువారి సంఖ్యచే భాగించిన నిరీక్షణకాలము వచ్చును. వరుస స్థిరముగా సాగుచున్నంతకాలము ఇది చెల్లును. ముందున్న కార్లను వ్రేళ్లపై లెక్కించుకొనగలవానికి రేవులో ఎవరిని అడుగ పనిలేదు.

ఇంతవరకు కారు అనగా కారే. పెట్రోలుదైనను, కరెంటుదైనను మన లెక్కకు ఒక్కటియే. భేదము ఎక్కడ వచ్చినది?

మొదట బరువులో వచ్చినది. ఒకే నమూనాలోని పెట్రోలు కారుకంటె విద్యుత్తుతో నడచు కారు, బ్యాటరీ కారణముగా, సుమారు రెండు మూడు వందల కిలోలు అధికముగా తూగును. ఎనిమిదింటికి సగటున 250 కిలోల చొప్పున చూచిన రెండు టన్నులు. ఇది ముప్పదిమంది మనుష్యుల బరువు. పంటుపై కార్లను తలలెక్కన ఎక్కించుకొనువాడు తనకు తెలియకుండనే ముప్పదిమందిని అదనముగా ఎక్కించుకొనుచున్నాడన్నమాట. నేడు ఎనిమిదిలో ఒకటియో, రెండో కరెంటు కార్లు గాన ఇది కంటికి కనబడదు. తెలంగాణ ప్రభుత్వము 2024 నవంబరు 18 నుండి 2026 డిసెంబరు చివరివరకు విద్యుద్వాహనములకు రోడ్డు పన్నును, రిజిస్ట్రేషను రుసుమును తొలగించినది. మా వీధిలోనే ఆకుపచ్చ నంబరు పలకలు ఎట్లు పెరిగినవో నేను చూచితిని. ఆ పలకలే పండుగకు రేవు చేరును. నీటిమీద బరువును తేలికగా తీసికొన్న ఫలమును మనము 2017 నవంబరులో కృష్ణలో ఫెర్రీ యొద్దను, 2019 సెప్టెంబరులో గోదావరిలో కచ్చులూరు యొద్దను జరిగిన పడవ ప్రమాదములకు పిమ్మట మరువరాదు. ఆ రెండును విహారపు పడవలు, వాని కారణములు వేరు. ఐనను తక్కెడ లేని రేవు నాకు నచ్చదు.

రెండవ భేదము నిప్పులో. విద్యుద్వాహనములు పెట్రోలు బండ్లకంటె ఎక్కువగా తగులబడుచున్నవని ఇంతవరకు దొరికిన లెక్కలు చెప్పుట లేదు. భేదమంతయు నిప్పు నడతలోనే ఉన్నది. బ్యాటరీలో వందల కొలది చిన్న అరలుండును. దెబ్బ తగిలియో, లోపము వలననో ఒక అర మితిమీరి వేడెక్కినచో, ఆ వేడికి లోని రసాయనములు తమంత తామే మరింత వేడిని పుట్టించును. ఆ వేడి ప్రక్క అరకు ప్రాకును. పొయ్యిలో కట్టె లాగివేసినట్లు దీనిని ఆపుటకు వీలులేదు. విస్తారముగా నీరు పోసి చల్లార్చుటయే ప్రధాన మార్గము. ఆరినదనుకొన్నది గంటల పిదప మరల అంటుకొనవచ్చును. ఇనుము–ఫాస్ఫేటు రకపు బ్యాటరీలు ఈ విషయమున కొంత నెమ్మది స్వభావము కలవి. మన దేశపు కార్లలో అవి విస్తారముగా వాడబడుచున్నవి.

మా యెదురింటి యువకుడు చదివిన వార్త 2022 ఫిబ్రవరిలో అట్లాంటికు సముద్రమున తగులబడిన ‘ఫెలిసిటీ ఏస్’ అను ఓడను గూర్చినదై ఉండును. సుమారు నాలుగు వేల కార్లతో అది మార్చి 1వ తేదీన మునిగిపోయినది. మరుసటి సంవత్సరము జూలైలో నెదర్లాండ్స్ తీరమున ‘ఫ్రీమాంటిల్ హైవే’ అను మరియొక ఓడ తగులబడి ఒక నావికుడు మరణించెను. విద్యుత్కారే కారణమని మొదట లోకమంతయు అనుకొన్నది. తీరా ఓడను రేవుకు చేర్చి చూడగా క్రింది అంతస్తులలోని విద్యుత్కార్లు అనేకము చెక్కుచెదరక ఉన్నవి. వార్త పుట్టిన వేగముతో సవరణ ప్రయాణింపదు.

ఐనను భయపడినవారు నియమములు చేసిరి. నార్వేలో హవీలా అను నౌకాసంస్థ 2023 జనవరిలో విద్యుద్వాహనములను తన ఓడలలోనికి రానీయమని ప్రకటించినది. వింత యేమనగా, ప్రపంచమున జనాభాను బట్టి కరెంటు కార్లు అత్యధికముగా గల దేశము నార్వేయే. అదే దేశమున 2015 నుండి ‘ఆంపియర్’ అను పడవ తానే బ్యాటరీపై నడచుచు, లావిక్, ఓపెదాల్ అను రేవుల నడుమ ఖేపునకు 120 కార్లవరకు దాటించుచు వచ్చినది. దాటుటకు 20 నిమిషములు, ఒడ్డున చార్జింగునకు సుమారు 10 నిమిషములు. ఆ పల్లెల విద్యుత్తు తీగలు అంత శక్తిని ఒక్కసారిగా ఈయజాలకపోగా, రేవులోనే పెద్ద బ్యాటరీలుంచి, పడవ లేనపుడు వానిని మెల్లగా నింపి, పడవ రాగానే దానిలోనికి కుమ్మరించు ఏర్పాటు చేసిరి. మన వీధికొళాయి సన్నగా వచ్చునపుడు తొట్టి నింపి ఉంచుకొనుట వంటిది. మూసిన ఓడలో రాత్రంతయు సాగు ప్రయాణము వేరు, గాలి ఆడు తట్టుపై 20 నిమిషముల దాటు వేరు అను వివేకము ఈ రెండు నిర్ణయములను ప్రక్కప్రక్కన ఉంచి చూచిన బోధపడును. మన పంటు రెండవ తెగకు చెందినది. కాని దానిపై కారు ప్రక్కనే మనుష్యులు నిలిచి ఉందురు. అది మన తేడా.

గ్రీసు దేశపు నౌకాశాఖ 2024లో మరియొక దారి త్రొక్కినది. పడవ ఎక్కు విద్యుద్వాహనముల బ్యాటరీ నూటికి 40 వంతులకు మించి నిండి ఉండరాదని ఆదేశించినది. నిండుబ్యాటరీ కంటె సగము ఖాళీది తక్కువ ఉగ్రముగా మండును గాన ఈ నియమము. శాస్త్రమునకు ఒప్పును. కాని ద్వీపమునకు పోవు బాటసారి అచ్చట చార్జింగు దొరకునో లేదో అని నిండుగా నింపుకొనవలెనని చూచును. పడవవాడు ఖాళీగా రమ్మనును!

మన కూకట్‌పల్లి కారు విషయమున ఈ చిక్కు చిత్రమైన రూపము దాల్చును. నాలుగు వందల కిలోమీటర్లకు పైబడిన ప్రయాణము చేసి నరసాపురము చేరుసరికి, నడుమ బెజవాడలోనో, ఏలూరులోనో నింపుకొన్నను, బ్యాటరీ సగానికి దిగియే ఉండును. అనగా గ్రీకు శాసనమును మనవారు తెలియకయే పాటించుచున్నారు. అయితే రేవులో పంటు ఆగిపోయిన సంగతేమి? వరుస మిక్కిలి పొడవైన సంగతేమి? వెనుకకు మరలి పాలకొల్లు మీదుగా చించినాడ వంతెన దాటి, రాజోలు వైపు నుండి చుట్టి రావలెను. ఆ చుట్టుకు కావలసిన కరెంటు కారులో మిగిలి ఉండవలెను. పెట్రోలు కారువాడు ఏ బంకులోనైన అయిదు నిమిషములలో ఈ లోపము తీర్చుకొనును. కరెంటు కారువాడు రేవుకు పోవకముందే, పాలకొల్లులోనో, భీమవరములోనో నిర్ణయించుకొనవలెను. కావున రేవులో వరుస ఎంతయున్నదో దూరమునుండియే తెలియుట అతనికి సౌకర్యము కాదు, అవసరము. పంటు వేళలకంటెను ఈ సమాచారమునే ముందుగా అందజేయవలెనని నా మతము.

ఇక అగ్నిభయమునకై కార్ల నడుమ ఖాళీ విడువవలెనన్న ఏమగునో మన పాతలెక్కతో చూతము. ఎనిమిది పట్టుచోట ఆరే పట్టును. మూడు పంటులు గంటకు 36 కార్లకు బదులు 27 మాత్రమే దాటించును. వచ్చునవి 30. వరుసయే లేని రేవులో వరుస పుట్టినది! ఖాళీ చూచి నిలుపుటకు ప్రతి ఒడ్డునను మరి రెండు నిమిషములు పట్టినచో చుట్టు 44 నిమిషములగును. అప్పుడు దాటునవి 24, 25కు మించవు. ఒక్క నియమముతో ఒక పంటును కట్టివేసినంత పని జరిగినది. రద్దీలో విసిగిన జనము ఆ నియమమును రెండవనాటికే నీటగలుపుదురు.

దీనికి విరుగుడు ఒడ్డుననే ఉన్నదని నాకు తోచుచున్నది. కరెంటు కార్లను వేరు వరుసలో నిలిపి, ఖేపునకు ఒక్కటి చొప్పున, చిట్టచివర దిగుబల్ల ప్రక్కన నిలుపుట. చుట్టును ఖాళీ ఆ ఒక్కదానికే చాలును. అప్పుడు ఎనిమిదికి బదులు ఏడు పట్టును. మూడు పంటులు గంటకు 31 దాటించును. వరుస పెరుగదు. ఏదేని జరిగినచో నీటి గొట్టము చేరుటకును, ఒడ్డు తగిలిన వెంటనే ఆ కారునే ముందు దించుటకును వీలు. ఇందులో గంటకు నాలుగైదు కరెంటు కార్లకే చోటున్నది. అంతకు మించి వచ్చిననాడు నాలుగవ పంటు తప్పదు. ఇట్లే మియాపూరు, కంటోన్మెంటు డిపోల నుండి 2019లో విమానాశ్రయమునకు విద్యుద్బస్సులు నడుప మొదలిడినపుడు, ఏ బస్సు ఎప్పుడు చార్జింగు గూటికి చేరవలెనో ముందు నిర్ణయించి పిదపనే ప్రయాణ వేళలు వ్రాసికొనవలసి వచ్చినది. బండి మారినపుడు పట్టిక మారక తప్పదు.

ఒక్క విషయమున మాత్రము పట్టణవాసులమైన మనము తగ్గి మాటాడవలెను. పంటుపై ఒక కారు ఆక్రమించు చోట ఎనిమిది, పది మోటారు సైకిళ్లు పట్టును. ఆ సైకిళ్లపై చేపలబుట్టలు, కొబ్బరికాయల గోనెలు, పరీక్షకు పోవు పిల్లలు ఉందురు. వారు ఏడాది పొడుగునా దాటువారు. మనము మూడుదినముల అతిథులము. కార్ల సంఖ్యనే లెక్కించు పట్టిక మన నిరీక్షణను కొలుచును గాని వారిది కొలువదు. దాటిన మనుష్యులను లెక్కించినచో, పండుగనాడు గూడ ప్రతి ఖేపులోను ద్విచక్రములకు కొంత చోటు విడువక తప్పదని తేలును. మరియు కోనసీమలో మొదట పంటు ఎక్కు విద్యుద్వాహనము హైదరాబాదు కారు కాదు. ఊరిలోని కరెంటు ఆటోయు, స్కూటరును.

నదీముఖమునకు దాపునుండు రేవులకు గడియారమే కాక చంద్రుడును యజమానియే. దినమునకు రెండుమార్లు పోటు, రెండుమార్లు పాటు. పాటు బాగుగా తీసినపుడు ఒడ్డున నీరు పలుచనై పంటును బరువు తగ్గించి నడుపుటయో, ఆపుటయో సంభవించును. పాటు వేళ దినమునకు సుమారు 50 నిమిషములు వెనుకకు జరుగును. కాని ఒక తిథినాడు ఒక రేవులో పోటు వచ్చు వేళ ఏ మాసమందైనను రమారమి ఒక్కటియే. అందుకే పడవవారు తిథిని అడిగి పోటు చెప్పగలరు. అంతర్వేది నృసింహస్వామి కల్యాణము మాఘ శుద్ధ దశమినాడు జరుగును గాన, ఆ తీర్థపు రద్దీకి పాటు ఏ వేళకు అడ్డుపడునో ఏటేటా ముందే తెలిసియుండును. సంక్రాంతి సూర్యుని బట్టి వచ్చు పండుగ. దాని తిథి ఏటికేడు మారును. ఆ యేటి పంచాంగము చూడకుండ సంక్రాంతికి పంటుల పట్టిక వేయుట వ్యర్థము. కరెంటు కార్ల బరువు పెరిగినకొలది నీటిలోతు లెక్క మరింత బిగియును.

పండుగ వెళ్లినపిదప మా యువకుడు అరిసెల డబ్బాతో వచ్చినాడు. “లెక్క చూసుకున్నానండి బాబాయిగారూ. నా ముందు నలభై కార్లు. పావుగంటకో పంటు, పంటుకి ఎనిమిది. గంటంబావు అవుతుందని తేలింది. పాటు కూడా తీస్తోందన్నారు. కారులో ముప్పై ఎనిమిది పర్సెంటు ఉంది. మా ఆవిడనీ పిల్లల్నీ పంటెక్కించేసి, నేను చించినాడ మీదుగా వెళ్లిపోయానండి.”

“మరి కరెంటు కారుని ఎక్కించుకుంటారో లేదో అడిగావా?”

“అడగక్కర్లేకపోయిందండి. మా వాళ్లు ఎక్కిన పంటులోనే రెండు కరెంటు ఆటోలున్నాయి. నేను వెళ్లేసరికి పిల్లలు అవతల గట్టున కూర్చుని కొబ్బరిబోండాలు తాగుతున్నారు.”